ఇంట్లో విన్న మాట

వాక్యం మళ్ళీ మాయమైంది.

సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, తిరిగి పెట్టుకుని చూశారు. లేదు.

ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల అంతర్జాల విజ్ఞాన సర్వస్వం అది. అందులో తమ ఊరి దీపస్తంభం మీది వ్యాసానికి ఆయన చేర్చినది ఒకే ఒక్క వాక్యం.

"పెనుతుపాను రాత్రి గది అద్దాలు పగిలినా, కావలివాడు తెల్లవార్లూ దీపం ఆరనివ్వలేదు."

ఆ కావలివాడు ఆయన తండ్రి.

ఓడరేవు కార్యాలయంలో అధికారం చలాయించి రిటైరైన పెద్దమనిషికి వేరే లోటేమీ లేదు. తండ్రిని గురించి లోకంలో ఎక్కడా ఒక్క అక్షరం లేదన్నదే లోటు.

"మళ్ళీ ఆ ఉడతేనా?" బట్టలు మడతపెడుతూ పక్కగదిలోంచి అడిగింది భార్య.

"వాడే. ఉడతట, ఉడత. సొంత పేరు చెప్పుకునే ధైర్యం లేనివాడు నాకు నియమాలు చెబుతాడు."

"మీరేం పేరు పెట్టుకున్నారక్కడ?"

"దీపధారి. అది వేరు."

"వేరే మరి. ఒక అక్షరం ఎక్కువ."

ఆయన తెరవైపు తిరిగారు.

ఉడత ప్రతిసారీ ఒకే మాట రాసేది. "అయ్యా, అచ్చులో వచ్చిన ఆధారం చూపండి. ఇంట్లో విన్న మాట చాలదు."

"చెప్పినది దీపం కాచిన మనిషి. ఆయన కొడుకును నేను. ఇంతకన్నా ఆధారమేమిటి?" అని ఆయన వాక్యాన్ని తిరిగి పెట్టారు.

ఉడత తీసేసింది.

ఆయన పెట్టారు. అది తీసేసింది. మళ్ళీ పెట్టారు.

మళ్ళీ తీసేసేసరికి ఆయనకు ఒళ్ళు మండింది. అందరూ చూసే చర్చాపేజీలో పట్టపగలు రాసిపడేశారు.

"మీ నాన్న ఎన్నడైనా సముద్రం ముఖం చూసి ఉంటే నీకు దీపం విలువ తెలిసేది."

బదులిచ్చినది ఉడత కాదు, తగువులు తీర్చే నిర్వాహకుడు.

"దీపధారి గారూ, ఇక్కడ తగువు వాక్యంతో పడవచ్చు, మనిషితో కాదు. ఒకే రోజు ఎదుటివారి మార్పును పదేపదే తిరగ్గొట్టడమూ నిషిద్ధమే. క్షమాపణ చెప్పకున్నా, ఇంకొక్కసారి ఇలా జరిగినా మీ ఖాతా శాశ్వతంగా మూసివేస్తాం."

ఆయన ఆ చివరి మాటను రెండుసార్లు చదువుకున్నారు.

ఖాతా పోతే ఆ వాక్యం కోసం అడిగే నాథుడుండడు. తండ్రి రెండోసారి పోతాడు.

"క్షమించమని ఒక్క ముక్క రాసెయ్యకూడదటండీ?" భార్య గుమ్మంలోకి వచ్చింది.

"సర్వీసంతా మెమోలు ఇచ్చినవాణ్ణే గాని పుచ్చుకున్నవాణ్ణి కాదు."

"అందుకే అలవాటు కాలేదు. ఇప్పుడు నేర్చుకోండి."

ఆయన రాయలేదు. కంప్యూటరు మీద తువ్వాలు కప్పేశారు. ఆ గదివైపు వెళ్ళడమే మానుకున్నారు.

కొన్నాళ్ళకు మనసాగక తువ్వాలు తీశారు. ఖాతా ఉందో ఊడిందో చూద్దామని పేజీ తెరిచారు.

ఖాతా ఉంది. చర్చాపేజీలో ఉడత మాటలూ ఉన్నాయి.

"నిర్వాహకులకు మనవి. దీపధారి గారి ఖాతా మూయకండి. తిరగ్గొట్టిన తప్పు ఇద్దరిదీ. శిక్ష వేస్తే నాకూ వెయ్యండి. నన్నన్న మాటను నేను మనసులో పెట్టుకోలేదు. ఇక అసలు సంగతి. ఎన్నో గ్రంథాలయాలకు రాయగా ఆధారం దొరికింది. తుపాను తరువాత అచ్చయిన నౌకాశాఖ నివేదికలో ఆ రాత్రి దీపం సంగతి, కావలివాడి పేరుతో సహా ఉంది. పేజీ బొమ్మ జతచేశాను. వాక్యాన్ని దీపధారి గారు చేర్చకూడదు, నేనూ చేర్చకూడదు. దయచేసి మూడో మనిషి ఎవరైనా చేర్చండి."

దాని కింద నిర్వాహకుడి మాట: "చేర్చాను. దీపధారి గారి మీది హెచ్చరిక తీసివేశాను."

ఆయన వ్యాసంలోకి పరుగెత్తినంత పని చేశారు.

వాక్యం ఉంది. పక్కన చిన్న అంకె. దాన్ని నొక్కితే పాత అచ్చులో, కాస్త చెదిరిన అక్షరాల్లో, తండ్రి పేరు.

"హమ్మయ్య," అన్నారు కుర్చీలో వెనక్కి వాలి. "ఇంక ఎవడూ దీన్ని కదపలేడు. ఏమే, ఇలా వచ్చి చూడు."

భార్య వచ్చింది. మామగారి పేరు చూసి చేతులు జోడించింది. తరువాత చర్చాపేజీ అంతా తీరిగ్గా చదివింది.

"మీరు కొడుకు కాబట్టి చేర్చకూడదు, సరే. ఆ ఉడత ఎందుకు చేర్చకూడదట?"

"నియమం. సొంత సంబంధం ఉన్నవాళ్ళు చేర్చరాదు. ఆ సంబంధమేమిటో తమ పేజీలో ముందే చెప్పుకోవాలి."

"అయితే చెప్పుకునే ఉంటుంది. చూశారా?"

ఆయన చూడలేదు. ఇంత తగువులోనూ ఒక్కసారి కూడా ఆ పేరు మీద నొక్కలేదు.

"చూస్తాను. ఎలాగూ క్షమాపణ రాయాలి," అన్నారు. ఆ మాట అంత సులువుగా నోట వచ్చినందుకు ఆయనకే వింతగా, హాయిగా తోచింది.

నొక్కారు.

పేజీ నెత్తిన, ఈ వాడుకరి ఇకపై ఇక్కడ రాయరు అన్న కొత్త ప్రకటన.

దాని కింద, ఆయన ఖాతా తెరవక చాలాముందే రాసిపెట్టిన పాత మాట.

"దీపస్తంభం వ్యాసంతో నా సంబంధం: పెనుతుపాను రాత్రి ఆ వెలుగును పట్టుకుని ఒడ్డు చేరిన ఒకే ఒక్క పడవకు చుక్కాని పట్టినవాడి కూతురిని నేను, దీపం తెల్లవార్లూ ఆరలేదని మా నాన్న బతికినన్నాళ్ళూ చెప్పేవాడు, కానీ ఇంట్లో విన్న మాట చాలదు."