జారుడు చేతులు

"ఆ గోలు గోల్‌కీపర్ తప్పు కాదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" ముసలాయన బల్ల మీద చేత్తో చరిచాడు.

టీ కప్పు ఎగిరిపడింది. చిత్రగుప్తుడు తల కూడా ఎత్తలేదు.

ఆఫీసులో అందరూ అతణ్ణి అలాగే పిలుస్తారు. పాత ఫుట్‌బాల్ లీగుల్ని కంప్యూటర్ ఆటలుగా తయారుచేసే కంపెనీ అది. ఏ ఏడాది ఏ జట్టు ఏ రంగు చొక్కా వేసింది, ఎవరు ఏ నిమిషంలో గోలు కొట్టారు, అన్నీ అతని చేతిమీదుగానే ఆటలోకి వెళ్ళాలి. కాలరు రంగు ఒక్క పిసరు తేడా వచ్చినా కుర్రాళ్ళని ఏడిపించి వదులుతాడు.

ముసలాయన రావడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ చిత్రగుప్తుడు పేరైనా అడక్కుండా గేటు దగ్గర్నుంచే తిప్పి పంపించాడు. ఈసారి ఎలా దూరాడో దూరాడు. సాయంత్రం ఆరింటికి కొత్త ఆట ఖరారు. ఆ తరువాత అందులో ఒక్క అక్షరం మారదు.

"రిఫరీ రిపోర్టు నా దగ్గరుంది. ఫైనల్, ఆఖరి నిమిషం. బంతి గోల్‌కీపర్ చేతుల్లోంచి జారింది. కప్పు పోయింది. అంతే."

"రిఫరీ సగం మైదానం అవతల రొప్పుతున్నాడు. ఆయనకేం కనబడింది, నా తలకాయ! గోల్‌కీపర్ బంతిని ముట్టుకోనేలేదు. సొంత జట్టు అయిదో నంబరు వెధవ మధ్యలో మోకాలు పెట్టాడు. దానికి తగిలి లోపలికి పోయింది."

చిత్రగుప్తుడికి ఒళ్ళు మండింది. పదకొండేళ్ళుగా చూస్తున్నాడు. రిటైరైన ఆటగాళ్ళు ఇక్కడికి రెండే పనుల మీద వస్తారు. ఆటలో తమ మార్కులు పెంచమనైనా వస్తారు, తమ తప్పు పక్కవాడి నెత్తిన రుద్దమనైనా వస్తారు. ఈయన రెండో రకం.

"నలభై ఒక్క ఏళ్ళు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, ఇప్పుడొచ్చారేం?"

"నీ ఆట వల్లే వచ్చాను."

పోయినసారి ఆటలో ఆ గోల్‌కీపర్ బొమ్మ కింద 'జారుడు చేతులు' అని ముద్ర వేశారు. బంతి పట్టడంలో వందకి తొమ్మిది మార్కులు. ఎవరు అతణ్ణి ఎంచుకున్నా ఆఖరి నిమిషంలో బంతి జారుతుంది, జనం పకపకా నవ్వుతారు. చరిత్ర అంటే చరిత్రే అని ఆ నవ్వు పెట్టించింది చిత్రగుప్తుడే.

"పన్నెండేళ్ళ మనవరాలు అది ఆడి, 'తాతా, నువ్వు నిజంగా ఇంత చెత్తగా ఆడేవాడివా?' అని అడిగింది. ఆ పెద్దమనిషి కంచం ముందునుంచి లేచిపోయాడు. అప్పట్లో జనం ఆయన ఇంటి అద్దాలు పగలగొట్టారు. మళ్ళీ ఏ జట్టూ పిలవలేదు. అదంతా ఓర్చుకున్నాడు. ఇది ఓర్చుకోలేకపోయాడు."

'నేను' అనడానికి మొహం చెల్లక 'పెద్దమనిషి' అంటున్నాడు, అనుకున్నాడు చిత్రగుప్తుడు.

"మరి అయిదో నంబరుకి మనవలుండరా? వాళ్ళ కళ్ళముందు అతని మొహాన ఉమ్మేయొచ్చా?"

"ఉమ్మాలి! బస్సులో జట్టంతా గోల్‌కీపర్‌ని తిడుతుంటే, వాడు కిటికీలోంచి చెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాడు. మరుసటి ఏడాది కెప్టెన్ కూడా అయ్యాడు. వాడు ఉప్పూ కారం తినేవాడైతే ఏనాడో నోరు విప్పేవాడు."

చిత్రగుప్తుడు గడియారం చూసి సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. ఇలాంటివాళ్ళని వదిలించుకోవడానికి అతని దగ్గరున్న మందు అదే.

"ఇది సవరణ ఫారం. ఆ మ్యాచ్ ఆడినవాళ్ళలో ఎవరైనా సంతకం చేసి రాసిస్తే రికార్డు మారుస్తాం. రాసిందెవరో కూడా ఆటలోనే వేస్తాం, ఊరంతా చూస్తుంది. రేపు అయిదో నంబరు కోర్టుకెక్కితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. ఉందా దమ్ము?"

ఈ మాటకి ఇంతవరకూ అందరూ వెనక్కి తగ్గినవాళ్ళే. ముసలాయన మాత్రం కుర్చీ లాక్కున్నాడు. వంగని కుడికాలు ముందుకి చాపి కూర్చున్నాడు.

"పెన్నివ్వు."

కాగితం చిరుగుతుందా అన్నంత గట్టిగా నొక్కి రాశాడు. రాసింది బల్ల మీదికి విసిరాడు.

"ఆరులోపల ఆ ముద్ర తీసెయ్. ఆ నవ్వు కూడా." కుంటుకుంటూ వెళ్ళి తలుపు ధడాలున వేశాడు.

"కాటికి కాళ్ళు చాపుకున్నా పక్కవాడి మీద ఏడుపు పోలేదు," అని చిత్రగుప్తుడు ఈసడించాడు. కానీ నియమం నియమమే. కంప్యూటర్లో ఆనాటి జట్టు జాబితా తెరిచి, కాగితం చూడకుండానే 'రాసినవారు' అన్నచోట ఒకటో నంబరు గోల్‌కీపర్ పేరు నొక్కాడు. సంతకం సరిచూద్దామని అప్పుడు కాగితం దగ్గరికి జరుపుకున్నాడు.

సంతకం పక్కన, చొక్కా నంబరు అన్న గడిలో అయిదు అని ఉంది.