కలిపి తొక్కే సైకిళ్లు

ఈ కాలపు సైకిళ్లు ఇంటిల్లిపాది బలాన్నీ కలిపి అందరికీ సమానంగా పంచుతాయి. ఇచ్ఛాపురంలో బయలుదేరింది మొదలు, మైదానమంతా దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేదాకా కూర్మారావు భార్యకూ కూతురికీ ఒకటే చెప్పాడు: "నా కాళ్ల బలంతోనే మీరు కదుల్తున్నారు."

ఒక మలుపులో సైకిళ్లను కలిపే సిగ్నల్ పోయి, ఎవరి బలం వాళ్లకే మిగిలింది. కూర్మారావు సైకిల్ వెనక్కి జారింది. భార్య హైమది రివ్వున ముందుకు దూసుకుపోయింది.

"ఇన్నాళ్లూ నాన్నని నువ్వే లాగీవా ఏటమ్మా?" వెనకాల కూతురు మిథున ఆయాసపడుతూ అరిచింది.

హైమకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కొండపైన సిగ్నల్ అందగానే, "మళ్లీ కుటుంబంతో కలపమంటారా?" అని సైకిల్ అడిగింది.

"కలిపీవే హైమా!" కింద నుంచి కేక.

"వద్దు" అని సైకిల్‌తో చెప్పి, హైమ కిందికి వంగి అరిచింది: "నడిపించుకొని వచ్చీండి. టీ చెప్తాను!"