కంపెనీ ఫ్యాను

“కాలిపోనాది సార్,” అన్నాడు రిపేరుకొచ్చిన అప్పలసూరి, కంప్యూటర్ డబ్బాలోంచి గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి.

భీమశంకర్ ఏడాది కిందట ఆటల కోసం ముచ్చటపడి వేయించిన కార్డు అది. దాని మీది బుల్లి ఫ్యాను మసిబారి బిగుసుకుపోయింది. టాటానగర్‌లో, సోనారి పేటలోని ఆ ఇల్లంతా మాడు వాసన.

గుమ్మం దగ్గర నిలబడ్డ భీమశంకర్ తల్లి గౌరీదేవికి చెమటలు పట్టాయి.

“ఆ ఫ్యాను మరీ పిట్టంత ఉంది కదా నాయనా? కంపెనీవాడే చాలీచాలనిది పెట్టుంటాడు,” అంది ఆశగా.

“లేదు మామ్మగారూ. రోజుకి రెండు గంటలాడితే కంపెనీ ఫేనే చాలు, ఏళ్ల తరబడి వత్తాది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆడితే ఇదేటి సేత్తాది? అసలే మే నెల.”

భీమశంకర్ కూతురి వైపు తిరిగాడు. మనస్వి పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉంది. తనూ భార్యా ఆఫీసులకి వెళ్లిపోతే ఇంట్లో ఉండేది ఆ పిల్లా, పారాయణ పుస్తకంతో తన తల్లీ.

“పొద్దస్తమానం ఆ రైలు నడిపే ఆటేనా?”

“ఒరే శంకరం, దాన్నేటీ అనకు! దుమ్ము పడుతుందని డబ్బా మీద కుట్టుపని గుడ్డ కప్పింది నేను. గాలాడక చచ్చిందేమో.”

అప్పలసూరి నవ్వాడు. “గుడ్డకి ఇంతలా మాడదు మామ్మగారూ. మీ ఇంట్లో గట్టి ఆటగాళ్లే ఉన్నారు!”

మనస్వి తలెత్తి మామ్మని చూసింది. తర్వాత తండ్రిని చూసింది.

“మైఁ హీ ఖేల్తీ థీ, పాపా,” ఆడింది నేనే అని హిందీలో ఒప్పేసుకుంది.

“అయితే ఇంటర్ ఇక్కడొద్దు. విశాఖలో హాస్టల్లో చేరు. కొత్త కార్డు నువ్వెళ్లాకే వేయిస్తాను.”

గౌరీదేవి వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

విడిపోవడాలు ఆవిడకి కొత్త కాదు. టాటానగర్ స్టేషన్లోనే అక్కని రైలెక్కించింది, ఇద్దరు కూతుళ్లని ఎక్కించింది. అక్క మళ్లీ రానేలేదు. కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపడమే తప్ప, వెళ్లిన రైలుని వెనక్కి తేవడం ఆవిడ చేతిలో ఎప్పుడుంది గనక?

మూడు వారాలు గడిచాయి. ‘దాన్ని పంపొద్దురా’ అందామని రోజూ అనుకునేది. కొడుకు ఎదురుపడగానే తల వాలిపోయేది. పెట్టె సర్దుకుంటున్న మనస్వికి సున్నుండల డబ్బా ఇచ్చి, ఆ పిల్ల కళ్లలోకి చూడలేక గోడవైపు తిరిగింది.

ఆ రోజు రానే వచ్చింది. ప్లాట్‌ఫారం మీద గౌరీదేవి కొడుకు చెయ్యి పట్టుకుంది.

“శంకరం, ఒక్క మాటరా...”

“ఉండమ్మా, సామాన్లు సర్దనీ,” అంటూ అతను పెట్టెతో రైలెక్కేశాడు.

ఆవిడ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. రైలు కూత వేసింది.

మనస్వి చువ్వలకి ముఖం ఆనించి, మామ్మ చెవిలో గుసగుసగా అంది:

“ఏడవకు మామ్మా, నీ ఆట సేవ్ చేసే ఉంచాను, కొత్త కార్డు వేశాక నీ రైలు ఆపిన స్టేషన్నించే నడుపుకోవచ్చు గానీ, ఈసారి మాత్రం రోజుకి రెండు గంటలే!”