మూడో కవరు

“ఆగక్కా, ఆ కవరు డబ్బాల వెయ్యకు.”

టెండరు డబ్బా సందులో సగం దూరిన కవరును ప్రేమావతి వెనక్కి లాక్కుంది. కార్పొరేషన్ ఆఫీసు గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. మూడింటికి డబ్బాకు సీలు వేస్తారు.

పిలిచింది డబ్బా పక్క బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా. మెడలోని కార్డు మీద పూర్ణిమ అని పేరుంది.

“డీడీ ఏ కవర్ల పెట్టినవు?”

“రేటు కాయితంతోనే పెట్టిన.”

“గట్లయితే నీ రేటు సదవకుండనే పక్కకు పడేస్తరు. డీడీ, సర్టిఫికెట్లు ఒక కవర్ల ఉండాలె. రేటు ఇంకో కవర్ల. రెండూ కలిపి పెద్ద కవర్ల పెట్టాలె. ఇప్పు, నేను సూపిస్త.”

ప్రేమావతి విప్పలేదు. కవరును చంకలో గట్టిగా ఇరికించుకుంది. నాలుగు రోజులుగా ఈ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. ఫారం ఎక్కడిస్తారని అడిగితే తలెత్తి చూసినవాళ్లు లేరు. ఇవాళ ఈ పిల్లకు తన మీద ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి వచ్చింది?

“ఏమన్న ఇచ్చుకోవాల్నా అమ్మా?” అంది గొంతు తగ్గించి.

“నాకేం వద్దక్కా. చాయ్ గూడ వద్దు.”

దాంతో అనుమానం ఇంకా పెరిగింది. చాయ్ కూడా వద్దనేవాళ్లకు పెద్దదేదో కావాలి.

గుమ్మం దగ్గర తెల్లచొక్కా మనిషి ఒకడు ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. ప్రేమావతి అతన్ని గుర్తుపట్టింది. కొండల్. రోడ్లు ఊడ్చేవాళ్లకు ఏప్రాన్లు కుట్టించే పని మూడేళ్లుగా అతనిదే. పూర్ణిమ తలెత్తి ఒకసారి అటు చూసి వెంటనే దించుకుంది.

“ఆయనెందుకు ఈడున్నడు?”

“ఆయన పొద్దుగాల్నే ఏసిండు. మూడున్నరకు తెరిచేదాంక ఉంటడు. జల్ది కానియ్యక్కా, టైమైతుంది.”

వెనక్కి తిరిగి పోవడానికి వీల్లేదు. సాతంరాయిలో ప్రేమావతి కుట్టు షెడ్డులో ఆరు మిషన్లున్నాయి. ఎయిర్‌పోర్టు పక్క హోటలు వాళ్ల యూనిఫారాల పని అయిపోయి రెండు నెలలైంది. ఈ ఏప్రాన్ల పని కూడా రాకపోతే ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి పోతామని కుట్టే ఆడవాళ్లు ఆరుగురూ నిన్ననే చెప్పేశారు.

ఆమె గుమ్మానికి వీపు పెట్టి నిలబడి కవరు చింపింది. తొందరలో కాగితాలన్నీ ఒక్కసారిగా బల్ల మీద పడ్డాయి. పైనే ఉంది రేటు కాగితం. ఏప్రానుకు నూట డెబ్బై రెండు. ప్రేమావతి దాన్ని అరచేత్తో కప్పేసింది. కానీ ఆ పిల్ల కళ్లు అప్పటికే దాని మీదుగా వెళ్లిపోయాయి.

ఆ తర్వాత పూర్ణిమ హడావుడి రెట్టింపయింది. కొత్త కవర్లు తీసింది. గమ్ము సీసా తెచ్చింది. పదకొండు పేజీల మీద దగ్గరుండి సంతకాలు పెట్టించింది.

“కొట్టేసి దిద్దిన కాడ గూడ సంతకం ఉండాలక్కా. లేకుంటే చెల్లదు. నీ పాన్ కార్డు ఇటియ్యి, జిరాక్స్ నేనే తెస్త.”

కార్డు పట్టుకుని పోతూ గుమ్మం దగ్గర ఆమె నడక నెమ్మదించింది. పెదవులు కదిలాయి. కొండల్ చిన్నగా నవ్వి ఫోన్ జేబులో వేసుకున్నాడు.

ప్రేమావతి రేటు కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. ఆ పిల్ల చెప్పేసింది. తన రేటు చెప్పేసింది. ఇక డబ్బాలో ఉన్న అతని కవరు మార్చడం వీళ్లకు ఎంతసేపు? తన లాభంలో ఎంత పోతుందోనని ఒక్క క్షణం చేయి ఆగింది. తర్వాత నూట డెబ్బై రెండు కొట్టేసి నూట అరవై ఒకటి రాసింది. పక్కన సంతకం చేసింది. పూర్ణిమ తిరిగొచ్చేసరికి రేటు కవరు అంటించేసి ఉంది.

పూర్ణిమ జిరాక్స్‌ను సర్టిఫికెట్ల కవరులో పెట్టి, అన్నీ ఇంకోసారి లెక్క చూసి, పెద్ద కవరు అంటించింది. డబ్బాలో వేయించేదాకా పక్కనుంచి కదల్లేదు. అప్పటికి మూడు కావడానికి నాలుగు నిమిషాలుంది.

మూడున్నరకు ఇంజినీరు తన గదిలో డబ్బా తెరిచాడు. లోపల మూడు పెద్ద కవర్లున్నాయి. మూడింటిలోనూ కాగితాలు సరిగా ఉన్నాయన్నాడు. తర్వాత రేట్లు చదవడం మొదలుపెట్టాడు.

“సికింద్రాబాద్ కంపెనీ, నూట తొంభై. కొండల్ గారు, నూట అరవై ఎనిమిది.”

కొండల్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

“ప్రేమావతి గారు, సాతంరాయి. నూట అరవై ఒకటి. దిద్దిన చోట సంతకం ఉంది.” ఇంజినీరు కళ్లజోడు పైకి జరుపుకుని ఆమెను చూశాడు. “మీదే తక్కువమ్మా. సోమవారం వచ్చి అగ్రిమెంటు రాసుకోండి.”

కొండల్ లేచి గదిలోంచి బయటికి వెళ్లిపోయాడు.

 ప్రేమావతికి సిగ్గేసింది. అతని కవరు ఎవరూ మార్చలేదు. ఆ పిల్ల నిజంగానే సాయం చేసింది. దగ్గరుండి పనులు చక్కబెట్టిన మనిషిని తను దొంగను చూసినట్టు చూసింది. ఒక్క మంచి మాటయినా చెప్పి పోదామని బల్ల దగ్గరికి వెళ్లింది. కుర్చీ ఖాళీగా ఉంది.

ఫైళ్ల బీరువాల వెనక మాటలు వినిపిస్తే అటు నడిచింది. పూర్ణిమ గోడకు ఆనుకుని తల వంచుకుని నిలబడింది. ఎదురుగా కొండల్. అతను అరవడం లేదు.

“ముగ్గురి కవర్లు సక్కగ లేకుంటే మొత్తం టెండరే రద్దయితదని ఆమెతోని దగ్గరుండి నింపిస్తివి. నూట డెబ్బై రెండు, మనకన్న ఎక్కువే అంటివి,” అంటున్నాడు. “ఇగ ఇంటికి పోయి మా అమ్మకు నువ్వే చెప్పు, నీ మొగుని పని నీ చేతుల్తోనే తీసి ఇంకొకల్లకు ఇచ్చినవని.”