తలుపులు ఎక్కువైన గోడ

నేను తలుపులు చేయడం మొదలుపెట్టేటప్పటికి నా దగ్గర ఉన్నవి రెండు రోజుల తిండి, తాత ఇచ్చిన ఒక తలుపు నమూనా.

తాతా నేనూ చిక్కుడు ఆకు మీద బతికే పేనుబంక పురుగు కడుపులో కాపురమున్న సూక్ష్మజీవులం. మా జాతులు మాత్రం వేరు. ఆ పురుగుకు కావలసిన పోషకాలు తాత వండి, తన ఒంటి చుట్టూ ఉన్న గోడకున్న తలుపులోంచి బయటికి అందించేవాడు. వడదెబ్బకు తాత మంచం పట్టాడు. నాకు వంట వచ్చు, తలుపే లేదు.

"ఆకలికి కాళ్లు తేలిపోతున్నాయిరా అబ్బాయ్," అంది పురుగు.

"నిమిషానికో తలుపు చేస్తానత్తా! సాయంత్రానికి మూడొందలు!" అన్నాను.

నూటయాభైకే నా గోడ కుంగింది. వండిందంతా నేలపాలైంది. ఒక రోజు తిండి పోయింది.

"అన్నీ తలుపులే అయితే వాటిని పట్టుకునే గోడేదిరా, లెక్కల మాస్టారూ?" అని తాత దగ్గుతూనే నవ్వాడు.

సిగ్గేసింది. నూటనలభై పీకేసి ఆ సందులన్నీ పూడ్చాను. పదే మిగిలాయి. గోడ నిటారుగా నిలబడింది. ఉన్న తిండితో మళ్లీ వండి గిన్నె దించాను.

"అత్తా, ఉన్నావా?"

"ఉన్నానురా, త్వరగా కానీ."

మొదటి తలుపు గడియ మీద చెయ్యి వేశాను.