నల్ల ముసుగు ఓటు

తన పాలేరు ఓబడయాకి గౌను తొడిగితే ఊళ్లో ఎవరూ పోల్చుకోలేరని హెండ్రిక్ వాన్‌డోరెన్‌కి గట్టి నమ్మకం. వాడు నలభై ఏళ్లొచ్చినా గడ్డం సరిగా మొలవని పిట్టంత మనిషి. పొద్దున తన బట్టల్లో ఒక ఓటు, మధ్యాహ్నం నల్ల ముసుగులో ఇంకో ఓటు వేయించాలి. రెండూ దేశాధ్యక్షుడు జెఫర్సన్ మీద పోటీకి దిగిన పింక్నీ పక్షానికే.

హెండ్రిక్ ఇంత పనికి ఒడిగట్టడానికి కారణం దేశభక్తి కాదు, తోపుడుబండి. ఊళ్లో జెఫర్సన్ పక్షం గెలిస్తే కమ్మరి కేలబ్ స్టైల్స్‌ని తోపుడుబండిలో కూర్చోబెట్టి, చర్చి దగ్గర్నుంచి తన పళ్లరసం మిల్లు దాకా తోస్తానని నిండు సత్రంలో పందెం కాశాడు. కేలబ్ మూడు బస్తాల బరువుంటాడు. బరువుదేముంది, ఎలాగో తొయ్యొచ్చు. వెనకాల పిల్లలంతా రేకులు వాయిస్తూ వస్తారే, అది తల్చుకుంటేనే హెండ్రిక్‌కి ముచ్చెమటలు పడుతున్నాయి.

"ఫెమ్మీ, నీ పాత నల్లబట్టలు ఉన్నాయా?" అని భార్యనడిగాడు.

ఫెమ్మీకి ఇది రెండో పెళ్లి. మొదటి భర్త పోయినప్పటి నల్ల గౌను పెట్టెలో అలాగే ఉంది. సంగతి విని ఫక్కున నవ్వింది.

"ఓబడయాకి గౌనేస్తే ఓటొస్తుందా? బాగుంది వరస! ఒకప్పుడు నేనూ వేశాను ఓటు. మిమ్మల్ని కట్టుకున్నాను, ఇక లేదు పొమ్మన్నారు."

ఆ రోజుల్లో న్యూజెర్సీలో చట్టం అలాంటిది మరి. ఆస్తి ఉంటే పెళ్లికాని పిల్లకీ ఓటుంది, విధవరాలికీ ఉంది. మొగుడున్న ఆడదానికి మాత్రం లేదు.

"నేను వేస్తే నువ్వు వేసినట్టు కాదుటే?" అన్నాడు హెండ్రిక్ ప్రేమగా.

"అయ్యో, కాకపోవడమేం! మీరు సత్రానికి నడవండి. వాణ్ణి ముస్తాబు చేసి నేను పంపిస్తాగా!"

మధ్యాహ్నానికి సత్రం కిటకిటలాడిపోతోంది. ఓటుపెట్టె బల్ల మీదుంది. రమ్ము గ్లాసులు దాని చుట్టూ ఉన్నాయి. అప్పుడొచ్చింది నల్ల గౌను. మొహానికి ముసుగు, పంటినొప్పి ఉన్నట్టు దవడకి గుడ్డ, వంచిన తల ఎత్తకుండా చిన్న చిన్న అడుగులు.

'ఓరి వీడి అసాధ్యం కూలా! ఫెమ్మీ ఎంత బాగా నేర్పింది!' అని హెండ్రిక్ లోలోపల మురిసిపోయాడు.

"ఆగండాగండి!" కేలబ్ అడ్డొచ్చాడు. "ఎవరీవిడ? మనూళ్లో ఎప్పుడూ చూళ్లేదే! గౌనేసుకున్న మగాడేమో, ఎవరికి తెలుసు? ముసుగు తీయించండి."

హెండ్రిక్ పైప్రాణాలు పైనే పోయాయి. అయినా గొంతు పెంచాడు.

"సిగ్గులేదుటయ్యా కేలబ్? కష్టంలో ఉన్న ఆడకూతురి ముసుగు లాగుతావా? ఏటి అవతలి టునిసన్ భార్య. నాకు బాగా తెలుసు."

"మొగుడుంటే ఓటెక్కడిది?"

"మొగుడు పోయాడయ్యా! ఈ చేతుల్తోనే మట్టేశాను."

ఎన్నికల అధికారి బైబిలు ముందుకు జరిపాడు. ఇంత చిన్న ఊరి గొడవలు పట్టించుకునే తీరిక దేవుడికి ఉండదులే అనుకుని హెండ్రిక్ దాని మీద చెయ్యేశాడు. ఈమె ఆడదే అనీ, తనకి బాగా తెలిసిన మనిషే అనీ, ఈమె మొగుడు చచ్చిపోయాడనీ అందరూ వినేలా ఒట్టేశాడు.

ముసుగు వెనక ఒకటే ఏడుపు. భుజాలు కుదిపేసుకుంటూ ఏడుస్తుంటే పాపం కేలబే నొచ్చుకుని, టోపీ తీసి పక్కకి తప్పుకున్నాడు. చీటీ పెట్టెలో పడింది.

దీపాలు పెట్టే వేళకి లెక్క తేలింది. ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో ఊళ్లో జెఫర్సన్ పక్షం గెలిచింది.

"బండి నేనే తెస్తాలే హెండ్రిక్," అన్నాడు కేలబ్ పొట్ట నిమురుకుంటూ. "నీ డొక్కుబండి నన్ను మొయ్యలేదు."

హెండ్రిక్ నిప్పులు కక్కుతూ ఇంటికొచ్చాడు.

"ఏడీ ఆ ఓబడయా? నేనిచ్చిన చీటీ మార్చి ఎవరికి వేశాడు వాడు?"

ఓబడయా పెరట్లోంచి నడుం పట్టుకుని వచ్చాడు, చేతిలో గొడ్డలితో.

"ఎక్కడ మార్చానండీ? పొద్దున ఒక్క ఓటు వేసొచ్చాను, అది పింక్నీకే. గౌను నాకు నప్పలేదని అమ్మగారు అప్పట్నుంచీ కట్టెలు కొట్టిస్తున్నారు. ఒళ్లు హూనమైపోయిందండీ."

హెండ్రిక్ ఉన్నపళంగా ముక్కాలిపీట మీద చతికిలబడ్డాడు.

"మరి... నేను ఒట్టేసింది ఎవరి గురించే?"

ఫెమ్మీ పొగలు కక్కే బఠాణీ చారు గిన్నె అతని ముందు పెట్టింది.

"నా గురించేనండీ. చచ్చిపోయాడని మీరే ఒట్టేసిన నా మొగుడికి వేళకి తిండి కూడా పెడుతున్నాను, కడుపునిండా తినండి, రేపు బండి తొయ్యాలిగా!"