వరండాలో బ్రోకరు

మల్లేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మంగళగిరి చీరల కొట్లో సెలవడిగి, చీవాట్లు తిని, మిర్చి యార్డు ఘాటుకు దారి పొడవునా తుమ్ముకుంటూ జిల్లా ఆఫీసుకొస్తే, గుమస్తా శివరామకృష్ణ మళ్లీ అదే పాట. ఆ హోమ్ ఎప్పుడో మూతపడింది, కాగితాలు చెదలు తినేశాయి, వెళ్లిరండి.

ఆమె అడిగింది ఆస్తిపాస్తులు కాదు. చిన్నప్పుడు తనను పెట్టిన పిల్లల హోమ్‌లో తన పేరు మీదున్న ఫైలు.

అక్కడి వార్డెన్ బెల్టు తీసినప్పుడల్లా ఒకటే అనేవాడు. "మీ అమ్మ నిన్ను వదిలించుకుంది. ఒక్కసారైనా చూడ్డానికొచ్చిందా?"

అది నిజమో అబద్ధమో తెలియాలి. అమ్మను అడుగుదామంటే అమ్మ ఇప్పుడు లేదు.

వరండాలోకి రాగానే ఆ పెద్దాయన తగులుకున్నాడు. యలమందయ్యట. ఎప్పుడొచ్చినా ఇక్కడే ఉంటాడు. ఎవరు ఆ హోమ్ పేరెత్తినా లేచి వెంటపడతాడు. బ్రోకరు కాక ఇంకెవరు?

"కాగితాలు ఉన్నాయమ్మా. వెతికే ఓపిక లేక అలా అంటారు. చెదలు తిన్నాయని సంతకం పెట్టి రాసివ్వమనండి."

"మధ్యలో మీకేంటండీ గిట్టుబాటు?"

ఆయన తల దించుకున్నాడే గానీ పక్కకు తప్పుకోలేదు.

ఇక ఓపిక నశించింది. ఆమె నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్లి, బయట ఒక బ్రోకరు ప్రాణం తోడేస్తున్నాడని చెప్పేసింది. ఆ ఊపులోనే, చెదలు తిన్నట్టు రాసివ్వమనీ అడిగేసింది.

యలమందయ్యను అప్పటికప్పుడు గేటు బయటికి పంపించారు. మళ్లీ లోపల అడుగు పెడితే పోలీసులను పిలుస్తామన్నారు. ఆయన వెళ్లిపోయాడు.

రాసివ్వడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు. శివరామకృష్ణ సణుక్కుంటూ స్టోర్ రూము తాళం తీశాడు. సాయంత్రానికల్లా ఫైలు దొరికింది. చెద కాదు కదా, చిన్న చిరుగైనా లేదు.

అమ్మ వచ్చింది.

నెలనెలా వచ్చింది. ప్రతి తేదీ పక్కనా ఆమె వేలిముద్ర. ఆ పక్కన వార్డెన్ రాత: అనుమతి ఇవ్వలేదు.

మల్లేశ్వరి ఆ వేలిముద్రల మీద చెయ్యి పెట్టుకుని, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చింది. అటెండరు కరీమున్ మంచినీళ్లు తెచ్చిచ్చింది.

తేరుకున్నాక గేటు దాకా పరుగెత్తింది. చీమకుర్తి గ్రానైట్ లారీల దుమ్ము తప్ప అక్కడ ఎవరూ లేరు. తన నోటిని తానే తిట్టుకుంటూ వెనక్కి వచ్చింది.

"ఆ బ్రోకరుగారు ఎక్కడుంటారండీ?"

"బ్రోకరేంటమ్మా," అని విసుక్కుంది కరీమున్. "ఆ కాగితాలన్నీ గోతాలకెత్తి ఇక్కడికి మోసుకొచ్చిందే ఆయన. వాటిని తగలబెట్టెయ్యమని పోయేముందు వాళ్ల నాన్న ఒట్టు పెట్టించుకున్నాడంట. ఆ నాన్నే మీ వార్డెను."